పాట మధ్యలో ఆగుతోందా? స్పీకర్ల మీద మీ సందేహాలు, మా సమాధానాలు

ఈసారి ఎంచిన ఉత్తరాలన్నీ బెంగళూరు నుంచి వచ్చినవే. ఒకరిది ఫ్లాటు, ఒకరిది పీజీ, ఇంకొకరిది అద్దె పోర్షను. గొడవ మాత్రం అందరిదీ ఒకటే, వైర్‌లెస్ స్పీకరు. చాలామంది ఉత్తరం చివర "రీసెట్ కూడా చేసి చూశాం" అని రాశారు. రీసెట్ దాకా వెళ్ళకముందే చూడాల్సినవి బోలెడున్నాయి. అవి చెప్పడానికే ఈ పేజీ.

ప్రశ్న: మారతహళ్ళిలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ మాది. రౌటర్ హాల్లో టీవీ స్టాండు అరలో ఉంది. వంటింట్లో ఫ్రిజ్ మీద వైఫై స్పీకరు పెట్టుకున్నాను. పొద్దున బాగానే పాడుతుంది. రాత్రి ఎనిమిది దాటిందంటే ప్రతి పాటా ఆగి ఆగి వస్తుంది. 100 ఎంబీపీఎస్ ప్లాను కాస్తా 200కి మార్పించాం. ఏమీ తేడా లేదండీ.
– ఒక గృహిణి

జవాబు: ఆ అదనపు డబ్బు దండగే. ఫోన్లో వచ్చే మంచి నాణ్యత పాటకి 320 కేబీపీఎస్ చాలు. సీడీ నాణ్యతతో విన్నా 1,411 కేబీపీఎస్, అంటే ఒకటిన్నర ఎంబీపీఎస్ కూడా కాదు. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దది కట్టినా వంటింటి కొళాయి పైపులో అడ్డుంటే నీళ్ళు రావు కదా. మీ అడ్డు హాలుకీ వంటింటికీ మధ్యనే ఉంది.

పొద్దున బాగుండి రాత్రి చెడుతోందంటే మొదటి అనుమానం పక్క ఫ్లాట్ల వైఫై మీదే. మీ స్పీకరు బహుశా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఉంది. మన దేశంలో ఆ బ్యాండ్‌లో 13 ఛానెళ్ళు వాడుకోవచ్చు. అయితే ఒక్కో ఛానెల్‌కీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో రౌటర్ ఆక్రమించే వెడల్పు 20. అంచేత ఒకదాన్నొకటి రాసుకోకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. రాత్రి అందరూ ఇళ్ళకి చేరి టీవీలు పెట్టేసరికి ఈ మూడింటి మీదే అపార్ట్‌మెంటంతా తొక్కిసలాడుతుంది. పైగా వంటింట్లో మైక్రోవేవ్ ఉందేమో చూడండి. అది పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. తలుపు ఎంత గట్టిగా మూసుకున్నా కాస్త బయటికి కారుతుంది. మనిషికి హాని లేదు గానీ రెండడుగుల దూరంలో ఉన్న స్పీకరుకి చెవుడు తెప్పించడానికి అది చాలు. అన్నం వేడిచేసే రెండు నిమిషాలే పాట ఆగుతుంటే కారణం తెలిసిపోయినట్టే.

ముందు కొలవండి. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుని, సరిగ్గా స్పీకరు ఉన్న చోట ఫోన్ పెట్టి మీ రౌటర్ పేరు పక్కన అంకె చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే దివ్యంగా ఉన్నట్టు. మైనస్ 67 దాకా పాటకి ఢోకా లేదు. మైనస్ 75 దాటితే నత్తి మొదలవుతుంది. ఐఫోన్ అయితే ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద వైఫై స్కానర్ ఆన్ చేసుకోవాలి.

తరవాత రౌటర్ సెట్టింగ్స్. దాని చిరునామా, పాస్‌వర్డు రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద ఉంటాయి. ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ. 2.4 బ్యాండ్‌కి ఛానెల్ వెడల్పు 20కి మార్చి, 'ఆటో' తీసేసి, 1, 6, 11లో పక్కవాళ్ళ అంకెలు బలహీనంగా ఉన్నదాన్ని పెట్టండి. ఈ కొలత రాత్రి ఎనిమిదిన్నరకి తీసుకోవాలి, మధ్యాహ్నం తీసుకుంటే అంతా ఖాళీగానే కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు: యాప్‌లో 3, 4 ఖాళీగా కనిపించాయని అక్కడ దూరతారు. 1 మీద ఉన్నవాళ్ళ రొద, 6 మీద ఉన్నవాళ్ళ రొద రెండూ అక్కడ తగులుతాయి. ఒకే ఛానెల్ మీద ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులేసుకుంటాయి. సగం సగం కలిసే ఛానెళ్ళలో ఆ మర్యాద ఉండదు, అవతలిది వట్టి రొదలాగే వినిపిస్తుంది.

మీ స్పీకరు 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకునేదైతే అటు మార్చడం ఇంకా మేలు, కానీ ఆ బ్యాండ్ మీద వంటింట్లో మైనస్ 67 కంటే మెరుగ్గా వస్తేనే. ఛానెల్ 36 నుంచి 48 లోపు పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలిందని రౌటర్‌కి అనిపిస్తే ఆ ఛానెల్ ఖాళీ చేసి వెళ్ళాలి, కొత్తచోటు కూడా అలా పంచుకునేదే అయితే కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి విని గానీ మాట్లాడకూడదు. ఆ నిమిషంలో మీ పాట పోతుంది.

చివరిగా, గోడ. కొత్త అపార్ట్‌మెంటు అయితే లోపలి గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూడండి. మీవాన్ పద్ధతిలో కట్టినవాటిలో గదుల మధ్య గోడలు కూడా ఇటుక కాదు, లోపల ఇనుప కడ్డీలు పెట్టి పోసిన కాంక్రీటు. మేకు దిగని గోడలో 5 గిగాహెర్ట్జ్ అంతకన్నా దిగదు. రౌటర్‌ని టీవీ స్టాండు అరలోంచి బయటికి తీసి, నాలుగైదు అడుగుల ఎత్తున, టీవీకి ఎడంగా పెట్టండి. స్పీకరుని ఫ్రిజ్ మీది నుంచి దించి చెక్క అర మీద పెట్టండి, ఆ ఇనుప పెట్టె వెనకనుంచి వచ్చే సిగ్నల్‌ని మింగేస్తుంది. రౌటర్‌కి గానీ టీవీకి గానీ యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే మూడడుగులైనా పక్కకి జరపండి. ఆ తీగలోంచి వచ్చే రొద 2.4 బ్యాండ్‌ని పాడుచేస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఇవన్నీ చేశాక కూడా మైనస్ 75 అయితే, ప్లగ్గులో గుచ్చే రిపీటర్ కొనేబదులు వంటింటి దాకా లాన్ కేబుల్ లాగించి చిన్న యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే పెట్టె) పెట్టుకోండి. మామూలు రిపీటర్ విన్నదాన్నే మళ్ళీ చెబుతుంది కాబట్టి గాలిలో ఉన్న సమయం సగం దానికే పోతుంది.

ప్రశ్న: బీటీఎం లేఔట్‌లో నలుగురం కలిసి ఉంటున్నాం. నెట్ కంపెనీ పెట్టిన పెట్టె ఒకటి, మేం కొన్న రౌటర్ ఒకటి ఉన్నాయి. నోటితో అడిగితే స్పీకరు పాడుతుంది. ఫోన్లోంచి పాట పంపుదామంటే మాత్రం 'ఏ పరికరమూ దొరకలేదు' అంటుంది. ఒక్కోసారి కనిపించి మళ్ళీ మాయమవుతుంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: నోటితో అడిగితే పాడుతోందంటే స్పీకరుకి ఇంటర్నెట్ అందుతోంది. మీ ఫోన్‌కీ అందుతోంది. కానీ ఇద్దరూ వేరు వేరు వీధుల్లో కాపురం ఉన్నారు. ఫోన్లో వైఫై వివరాలు తెరిచి ఐపీ అడ్రస్ చూడండి, స్పీకరుది దాని యాప్‌లో 'పరికర సమాచారం' కింద ఉంటుంది. ఒకటి 192.168.1తో, ఇంకొకటి 192.168.0తో మొదలైతే రోగం దొరికినట్టే.

జరిగేదిది. పాట పంపే బొమ్మ నొక్కగానే ఫోన్ "స్పీకర్లు ఎవరైనా ఉన్నారా?" అని 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకి, 5353 పోర్టు మీద కేక వేస్తుంది. ఆ కేక రౌటర్ గడప దాటదు, దాటకూడదనే అలా తయారుచేశారు. మీ రెండో రౌటర్ తన వెనక ఇంకో చిన్న నెట్‌వర్కు సృష్టించింది. స్పీకరు కంపెనీ పెట్టె వైఫై మీద, ఫోన్ మీ రౌటర్ మీద ఉంటే కేక వినపడదు.

మందు తేలిక. మీ రౌటర్ సెట్టింగ్స్‌లో 'ఆపరేషన్ మోడ్' అని ఉంటుంది, దాన్ని యాక్సెస్ పాయింట్‌కి మార్చండి. అప్పుడది గడప తీసేసి వట్టి వైఫై స్తంభంలా పనిచేస్తుంది. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే దాని చిరునామా 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపేసి, కంపెనీ పెట్టె నుంచి వచ్చే తీగని వ్యాన్ పోర్టులోంచి పీకి మామూలు లాన్ పోర్టులో పెట్టండి. కంపెనీ పెట్టె 192.168.1 వరసలో ఉంటేనే ఈ అంకె, వేరే వరసైతే దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఇది చేయనక్కర్లేదనుకుంటే రెండిట్లో ఒకదాని వైఫై పూర్తిగా ఆపేసి, ఇంట్లో ఉన్నవన్నీ రెండోదానికే కలపండి.

వరసలు ఒకటే అయినా కనిపించకపోతే నాలుగు చోట్ల చూడాలి. ఒకటి, స్పీకరు గానీ ఫోన్ గానీ గెస్ట్ నెట్‌వర్కు మీద ఉందేమో. అందులో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా కట్టేస్తారు. రెండు, మామూలు నెట్‌వర్కులోనే ఏపీ ఐసొలేషన్ ఆన్ అయి ఉందేమో, అదీ అలాగే కట్టేస్తుంది. మూడు, ఆఫీసు వీపీఎన్. బెంగళూరులో ఇది లేని ఫోన్ ఎక్కడుంది! అది ఆన్‌లో ఉన్నంతసేపు ఫోన్ ఇంట్లో ఉన్నట్టు కాదు, ఆఫీసులో ఉన్నట్టే. నాలుగు, అనుమతులు. ఐఫోన్లో ఐఓఎస్ 14 నుంచి, ఇంట్లోని పరికరాల్ని వెతికే ప్రతి యాప్ 'లోకల్ నెట్‌వర్క్' అనుమతి అడుగుతుంది. తొందరలో 'వద్దు' నొక్కేస్తే అది మళ్ళీ అడగదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీరే ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 12 తరవాతి ఫోన్లలో 'దగ్గరలోని పరికరాలు' అనే అనుమతి చూడండి.

కనిపించి మాయమవడం గురించి. స్పీకరు ఆన్ చేశాక నాలుగు నిమిషాల పైచిలుకు కనిపించి ఆ తరవాత పోతోందా? గడియారం పెట్టి చూడండి. అలా అయితే రౌటర్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆపి చూడండి. ఉమ్మడి కేకలు ఎవరెవరికి కావాలో రౌటర్ ఒక జాబితా రాసుకుంటుంది. "ఇంకా ఉన్నారా?" అని మధ్యమధ్యలో అడిగేవాడు లేకపోతే 260 సెకన్లకి పేరు కొట్టేస్తుంది. కొన్ని రౌటర్లు జాబితా రాయడం నేర్చుకున్నాయి గానీ అడగడం నేర్చుకోలేదు.

ప్రశ్న: కె.ఆర్.పురంలో ఉంటాం. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, స్పీకరు కనెక్ట్ అవ్వదు. ప్లగ్గు పీకి పెడితే మళ్ళీ మామూలే. మా అత్తయ్యగారికి ఆ ప్లగ్గు అందదు, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆవిడకి భక్తి పాటలు ఉండవు.
– ఒక కోడలు

జవాబు: స్పీకరు అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. ఫైబర్ పెట్టె, రౌటర్ రెండూ తెమిలేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా స్పీకరు "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అడిగి, ఎవరూ పలకక, 169.254తో మొదలయ్యే అడ్రస్ తనకు తానే పెట్టుకుంటుంది. రౌటర్ లేచాక మళ్ళీ అడగాలి. బుద్ధిగా అడిగే స్పీకర్లున్నాయి, మొండిగా కూర్చునేవీ ఉన్నాయి. మీది రెండో రకం.

రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసింది చదవాలి. 12 వోల్టులు అని ఉంటే యూపీఎస్ కూడా 12 వోల్టులదే కావాలి, ఇందులో బేరం లేదు. ఆంపియర్లు మాత్రం రాసినదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ పెట్టాలి, లేకపోతే రౌటర్ వెలుగుతుంది, పాట రాదు. రెండింటికీ ఒకే యూపీఎస్ వాడితే రెండు అడాప్టర్ల ఆంపియర్లూ కలిపి చూసుకోండి. దీనితోపాటు రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలో స్పీకరుకి ఒక అడ్రస్ రిజర్వ్ చేసి పెట్టండి, యాప్ పాత అడ్రస్ పట్టుకుని వెతికే బాధ తప్పుతుంది. యూపీఎస్ వచ్చేదాకా ప్లగ్గుకి స్విచ్చున్న పొడిగింపు బోర్డు తగిలించి ఆవిడ చేతికందే చోట పెట్టండి.

ప్రశ్న: టీవీకి బ్లూటూత్‌లో స్పీకరు కలిపాం. పెదాలు ముందు కదులుతాయి, మాట తరవాత వస్తుంది. టీవీలో ఆడియో డిలే అని ఉంది, ఎటు జరిపినా సరికావట్లేదు. – వైట్‌ఫీల్డ్

జవాబు: ఆ మీట శబ్దాన్ని ఇంకా ఆలస్యం చేయడానికే తప్ప ముందుకి తేవడానికి కాదు. సున్నాలో ఉంచేయండి. బ్లూటూత్‌లో మామూలుగా వాడే ఎస్‌బీసీ పద్ధతిలో శబ్దాన్ని కుదించి, పంపి, స్పీకరులో కాస్త నిలవ చేసుకుని విప్పేసరికి సెకనులో ఐదో వంతు అటూ ఇటూగా పోతుంది. పాటకి అది తెలియదు, పెదాలకి తెలుస్తుంది. స్పీకరుకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే టీవీలో ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టునుంచే తీగ వేయండి, పక్కదాంట్లో పెడితే శబ్దం రాదు. అది లేకపోతే ఆప్టికల్ తీగ, అదీ లేకపోతే మామూలు ఆక్స్ తీగ. టీవీ విషయంలో తీగే మేలని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: కొత్త రౌటర్ పెట్టించాం. ఫోన్లు, టీవీ కలిశాయి. ఐదేళ్ళ నాటి స్పీకరు మాత్రం పాస్‌వర్డు తప్పంటోంది. పాస్‌వర్డు సరైనదే. రీసెట్ చేసేయమంటారా? – హెచ్ఎస్ఆర్ లేఔట్

జవాబు: చేయకండి. కొత్త రౌటర్లు డబ్ల్యూపీఏ3 రక్షణతో వస్తున్నాయి. పాత స్పీకర్లకి డబ్ల్యూపీఏ2 తప్ప తెలియదు. తెలియని తాళాన్ని చూసి అవి "తాళంచెవి తప్పు" అని చెబుతాయి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మిశ్రమం ఎంచుకోండి, అప్పటికీ కలవకపోతే 2.4 బ్యాండ్‌కి మాత్రం డబ్ల్యూపీఏ2 పెట్టండి. 2.4కీ 5కీ ఒకే పేరుంటే సెటప్ చేసే పది నిమిషాలు 5 బ్యాండ్ ఆపేయడం సుఖం. ఇంకో చిట్కా: కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డు అక్షరం పొల్లుపోకుండా పెడితే ఇంట్లోని స్పీకర్లు, బల్బులు చాలావరకు వాటంతటవే వచ్చి కలుస్తాయి. చిన్న ఎ, పెద్ద ఎ తేడా కూడా లెక్కే.

రీసెట్ ఎందుకు వద్దంటున్నామంటే, అది సమస్య ఎక్కడుందో చెప్పదు, ఉన్న సెట్టింగ్‌ని మాత్రం తుడిచేస్తుంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియోలు (ఫోన్లోని బొమ్మని, పాటని టీవీకి, స్పీకరుకి అందించే గూగుల్ పరికరాలు) ప్రపంచమంతటా ఒక్కసారి మొరాయించాయి. లోపలి భద్రతా సర్టిఫికెట్ గడువు తీరడమే కారణం, ఇంట్లో ఎవరి తప్పూ లేదు. రీసెట్ చేయవద్దని గూగుల్ చెప్పింది. ఊరుకున్నవాళ్ళకి అప్‌డేట్ రాగానే బాగైంది. తొందరపడి రీసెట్ చేసినవాళ్ళు మళ్ళీ సెటప్ చేయలేక, యాప్ కూడా మారేదాకా కూర్చోవాల్సి వచ్చింది. ఒకే రోజు ఒకే రకం పరికరాలన్నీ చచ్చుబడితే ఒక రోజు ఆగండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో పీజీలో ఉంటాను. వైఫైకి ఫోన్ నంబరు, ఓటీపీ కొట్టే పేజీ వస్తుంది. స్పీకరుని ఎలా కలపాలి?

జవాబు: నేరుగా కలవదు. ఆ పేజీ తెరవడానికి స్పీకరుకి తెర లేదు, ఓటీపీ కొట్టడానికి వేళ్ళు లేవు. అరచేతంత ట్రావెల్ రౌటర్ కొని విస్ప్ మోడ్‌లో (బయటి వైఫైని అందుకుని తన సొంత వైఫైగా పంచే పద్ధతి) పీజీ వైఫైకి కలపండి. ఓటీపీ ఒకసారి దాని ద్వారా మీ ఫోన్లో కొడితే చాలు, స్పీకరు దాని వెనక హాయిగా ఉంటుంది. కొనేముందు పీజీ వాళ్ళని అడగండి, కొందరు ఒప్పుకోరు. ఖర్చు వద్దనుకుంటే బ్లూటూత్ ఉండనే ఉంది. ఐఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నిస్తుంటే, 12 నుంచి తరవాతి మోడళ్ళలో 'మాక్సిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేయాలి. అప్పుడే అది 2.4 బ్యాండ్‌కి వస్తుంది, చవక స్పీకర్లకి కనిపించేది అదొక్కటే.

ప్రశ్న: బ్లూటూత్ స్పీకరు ఆన్ చేయగానే మా పాప ట్యాబ్‌కి కలిసిపోతుంది, నా ఫోన్‌కి రాదు. వచ్చినా, ఫోన్ వెనక జేబులో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్తే తెగిపోతుంది. – బెల్లందూరు

జవాబు: స్పీకరు చివరగా కలిసినవాళ్ళని ముందు పిలుస్తుంది. ట్యాబ్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో స్పీకరు పేరు పక్కన 'ఫర్‌గెట్' నొక్కండి. వట్టి 'డిస్‌కనెక్ట్' నొక్కితే రేపు మళ్ళీ కలుస్తుంది. తరవాత స్పీకరు మీద బ్లూటూత్ బటన్ దీపం గబగబా ఆరి వెలిగేదాకా నొక్కి పట్టి, మీ ఫోన్‌కి పెయిర్ చేయండి. పాపకి కూడా కావాలంటే మీ ఫోన్ తరవాత ట్యాబ్‌ని మళ్ళీ కలపండి, కానీ ట్యాబ్ సెట్టింగ్స్‌లో ఆ స్పీకరు కింద 'మీడియా ఆడియో' ఆపేసి ఉంచండి. పాప అడిగినప్పుడు ఆన్ చేస్తే సరి.

బాల్కనీ సంగతికి వస్తే, మామూలు బ్లూటూత్ పది మీటర్ల సరుకు, అదీ మధ్యలో ఏమీ లేనప్పుడు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఆ తరంగాల్ని అది పీల్చేస్తుంది. వెనక జేబులో ఫోన్, ముందువైపు స్పీకరు ఉంటే మధ్యలో గోడలా మీరే నిలబడుతున్నారు. ఫోన్ హాల్లో టీపాయ్ మీద పెట్టేసి వెళ్ళండి.